గంటి పుస్తకంలో తరుగు

నింపు తర్వాత 3వ రోజు. మట్టం 196 జీబీ. తరుగు 4.

పొద్దున్నే స్తంభం ఎక్కి సిగ్నలు పట్టే గిన్నె తుడిచాను. నిన్నటి గాలికి వేలి మందాన దుమ్ము పట్టింది. దిగి వచ్చి మట్టం చూసి, నలభై ఇళ్ళ డేటా వాడకం బోర్డు మీద సుద్దతో రాశాను. సూర్య అద్దాలు తుడిచే జట్టు పనికి పోవాలంటే ఆ బోర్డు ముందు నుంచే పోవాలి. ఎవరు ఎంత తాగారో ఇక్కడ దాపరికం లేదు. ఈ అద్దాల బయలు నడిచేది ఆ సిగ్గు మీదే.

ఏడో ఇంటి నాగప్ప మూడు రోజులకే రెండు జీబీ ఊదేశాడు. పిలిచి ఫోను లాక్కుని చూస్తే, పొట్టి వీడియోల యాప్‌లో ఆటోప్లే బార్లా తెరిచి ఉంది. "ఏమప్పా, గోడ మీద అంతంత అచ్చరాలు రాసింది ఎవురికోసరం? నా కోసరమా?" అని గడ్డి పెట్టాను. గోడ మీద ఉన్నది నా చేతి రాతే: ఆటోప్లే మూసెయ్యండి. డేటా సేవర్ తెరవండి. బొమ్మ 360 దాటనివ్వకండి. వారానికోసారి సెట్టింగుల్లోకి వెళ్ళి ఏ యాప్ ఎంత తాగిందో చూసుకోండి. నాగప్ప తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మనిషికి నలభై ఐదేళ్ళు వచ్చాయి, బుద్ధి మాత్రం ఐదు దగ్గరే ఆగిపోయింది.

నెలకొకసారి పైనుంచి నింపేది రెండువందల ఇరవై. ఇంటికి ఐదు చొప్పున రెండువందలు, తరుగు కింద ఇరవై. ధాన్యం కొలిచినా బంగారం కరిగించినా తరుగు ఉన్నట్టే దీనికీ ఉంటుంది. పరీక్ష ఫోను తాగేది కూడా అందులోనే కలిసిపోతుంది. ప్రవాహం సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి ఉన్న ఫోను కాబట్టి దానికి ఏ కట్టడీ ఉండకూడదు, ఏ ఇంటి లెక్కలోకీ రాకూడదు. నా ముందున్న గంటి కాలం నుంచీ ఇదే పద్ధతి.

మా పెద్దలు చెరువు తూము తిప్పి మళ్ళకు నీళ్ళు వదిలిన నీరుగంటులు. చెరువు ఎండిపోయింది, మళ్ళ మీద అద్దాలు లేచాయి, పేరు మాత్రం నాకు మిగిలింది. ఎర్రిస్వామి అని పిలిచేవాళ్ళు తక్కువ. గంటి అంటారు.

ఈ నింపుతో పాటు కొత్త పరీక్ష ఫోను వచ్చింది. పెద్ద తెర. మధ్యాహ్నం పది నిమిషాలు ప్రవాహం సరిచూశాను. బాగుంది.

నింపు తర్వాత 5వ రోజు. మట్టం 179. తరుగు 8.

మారెక్క ఇంటికి పిడికెడు జమ చేశాను. ఎవరికైనా కష్టం వస్తే ప్రతి ఇల్లూ తన వంతులోంచి పావు జీబీ తీసి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. అందరి పిడికిళ్ళూ కలిస్తే దగ్గర దగ్గర పది అవుతుంది.

మారెక్కకు పుట్టుకతోనే వినబడదు. ఐదేళ్ళ కూతురు రంగికీ అంతే. పిల్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరితే పట్నం ఆసుపత్రిలో పెట్టారు. నలభై రోజులు ఉండాలట. ఆ వార్డులోకి తల్లిని కూడా రానివ్వరు. రోజూ సాయంత్రం నాలుగింటికి నర్సు ఫోను పిల్ల ముందు పెడుతుంది. అరగంటసేపు తల్లీబిడ్డలు చేతులతో మాట్లాడుకుంటారు. చేతులు కనబడాలంటే వీడియో కావాలి. వేళ్ళు విడివిడిగా కనబడాలంటే మంచి బొమ్మ కావాలి.

"మాటలైతే నెలకంతా అర జీబీ సాలు గదక్కా," అన్నాను హనుమక్కతో. ఆమె అద్దాల జట్టుకు పెద్ద, అరవై దాటిన మనిషి.

"ఇవీ మాటలే అప్పా," అనింది.

ఆమె చేతిభాష నేర్చుకుంది. ఊళ్ళో సగం మంది ఎంతో కొంత నేర్చుకున్నారు. ఆ భాషలో మనిషికి పేరుకు బదులు ఒక సైగ పెట్టుకుంటారట. హనుమక్క అంటే కొంగు దోపడం, నాగప్ప అంటే తల గోక్కోవడం. నాకేం పెట్టారో నేను అడగలేదు. ఇలాంటివాటికి నాకు తీరిక లేదు.

పరీక్ష ఫోను పదిహేను నిమిషాలు. బాగుంది.

నింపు తర్వాత 7వ రోజు. మట్టం 161. తరుగు 13.

హనుమక్క బోర్డు ముందు ఆగింది. ఆమె ఆగితే జట్టంతా ఆగుతుంది.

"ఏమప్పా గంటీ, ఏడు దినాలకే పదమూడా? పోయిన నెల ఈపాటికి నాలుగు కూడా ల్యాకుండె గదా."

"గాలి దుమ్ము ఎక్కువుండాదక్కా. దినామూ తుడుస్తానే ఉండా."

"దుమ్ము పోయిన నెలా ఉన్యాదే."

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. "కడవ నిండుగా ఎత్తుకొని నడిస్తే దోవలో ఒలకదా అక్కా? వీడియో కాలు అట్లాంటిదే. మారెక్కకు పొయ్యేది పెద్ద బొమ్మ. దాంట్లో కొంత దోవలో ఒలికి తరుగులో పడతాంది," అన్నాను.

చెబుతుంటే నాకే నిజమనిపించింది. నలుగురూ తలూపారు. స్తంభం ఎక్కేది నేనొక్కడినే. నా మాటకు ఎదురు చెప్పేంత చదువు ఇక్కడ ఎవరికీ లేదు.

పరీక్ష ఫోను పది నిమిషాలు.

నింపు తర్వాత 10వ రోజు. మట్టం 130. తరుగు 24.

నెల మొత్తానికి అనుకున్న ఇరవై దాటిపోయింది. ఇకనుంచి తరుగు తినేది ఇళ్ళ వంతునే. పొద్దున బోర్డు దగ్గర అందరూ చేరారు. మాకు 360, ఆయమ్మకు మాత్రం సినిమా బొమ్మనా అని నాగప్ప గొణిగాడు. మొన్న నా చేత తిట్లు తిన్నవాడు. అతనికిది పండగే.

ఎవరివల్ల మట్టం పడిపోతే వాళ్ళు బోర్డు పక్కన బండ మీద ఒక పూట నిలబడాలి. జట్టు పనికి పోయేటప్పటి నుంచి అన్నానికి తిరిగి వచ్చేదాకా. తిట్టడం ఉండదు, కొట్టడం ఉండదు, ఊరికే నిలబడటమే. పోయిన ఏడాది ఒకడు కుర్చీ వేయించమని అడిగినా నేను ఒప్పుకోలేదు. మారెక్క నిలబడాలని చెప్పింది నేనే. బొమ్మ తగ్గించాలని చెప్పిందీ నేనే.

"బిడ్డ ఆసుపత్రిలో ఉండంగ తల్లిని బండెక్కిస్తారా?" అనింది హనుమక్క.

"కట్టడి అందరికీ ఒకటే అక్కా. నా చెల్లెలైనా అంతే," అన్నాను. నాకు చెల్లెలు లేదు.

చేతులు ఎత్తమంటే ఇరవై ఆరు లేచాయి.

నింపు తర్వాత 11వ రోజు. మట్టం 121. తరుగు 28.

మారెక్క నిలబడింది. ముప్పై ఏళ్ళు కూడా లేని మనిషి, నీడ లేని చోట, చేతులు ముందుకు కట్టుకుని. నేను సుద్ద తేవడానికి లోపలికి పోతుంటే నావైపు తిరిగి, చెయ్యి విప్పి బొటనవేలు ఆడించింది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని నేనూ అనుకోలేదు.

మధ్యాహ్నం ఆమె వంతుకు బొమ్మ 144కు కట్టాను. ఇక తరుగు తగ్గుతుంది.

పరీక్ష ఫోను పది నిమిషాలు.

నింపు తర్వాత 13వ రోజు. మట్టం 100. తరుగు 37.

మారెక్క మట్టం గదికి వచ్చింది. ఫోను చూపించింది. నిన్నటి వీడియో కాలు రికార్డు చేసుకున్నట్టుంది. తెర మీద గళ్ళు గళ్ళుగా ఏదో కదులుతోంది, మట్టి రంగు ముద్దలు రెండు. చేతులని చెబితే తప్ప తెలియదు. ఆమె తన రెండు చేతులూ నా మొహం ముందు పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూపించింది. తర్వాత ఫోనులోని ముద్దలను చూపించింది.

గోడ మీద బొమ్మ గురించి రాసిన మూడో వరుస వేలుపెట్టి చూపించాను. ఆమె ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

నింపు తర్వాత 15వ రోజు. మట్టం 77. తరుగు 47.

హనుమక్క ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న ఆ కాలు నేను దగ్గరుండి చూసినా. ఆ బిడ్డ అమ్మ చేతుల పక్కే చూసె, చూసె, ఏం తెలియక మొగం గోడకు తిప్పుకున్యాది. మళ్ళా తిరగల్యా. అమ్మ నాతో మాట్లాడేది మానేసిందనుకుంటాందేమో పాపం, ఐదేండ్ల బిడ్డకు ఏం తెలుస్తాది? నర్సు ఈ పొద్దు మెసేజీ పెట్టినాది, అన్నం ముట్టల్యాదంట."

నేను పుస్తకం పేజీలు తిప్పాను.

"ఇంగొగటి అడుగుతా. ఆయమ్మ బొమ్మ తగ్గించి నాలుగు దినాలాయె. తరుగు తగ్గల్ల గదా. ముప్పై ఏడు, నలభై రెండు, నలభై ఏడు. యాడ ఒలకతాంది ఎర్రిసామీ?"

ఆమె నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. గిన్నె విప్పి చూస్తానని చెప్పి పంపించాను.

నింపు తర్వాత 16వ రోజు. మట్టం 67. తరుగు 51.

గిన్నె విప్పాను. దానికేం రోగం లేదు. తీగలు చూశాను, డబ్బా చూశాను. చూడవలసినవన్నీ అయిపోయాక, చూడకుండా వదిలేసింది ఒక్కటే మిగిలింది. ఏ యాప్ ఎంత తాగిందో చూసుకోండని గోడ మీద నాలుగో వరుస నేనే రాశాను, నా చేతిలో ఉన్న ఫోనుకు ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు. బల్ల ముందు కూర్చుని పరీక్ష ఫోను సెట్టింగులు తెరిచాను.

పొట్టి వీడియోల యాప్: 49 జీబీ. చూసిన సమయం: ఇరవై ఆరు గంటలు.

ఇక్కడ నేను ముందు రాసింది: "గిన్నెలో లోపం దొరికింది, సరిచేశాను. తరుగు ఇక తగ్గుతుంది." ఇప్పుడు ఆ వరుస కొట్టేస్తున్నాను. అది అలాగే ఉంచితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. యాప్ తీసేస్తే తరుగు తనంతట తనే తగ్గేది. గంటి ఎంత గట్టివాడో అని మెచ్చుకునేవాళ్ళు కూడా. మారెక్క మాత్రం ఊరి మట్టం మింగిన మనిషిగానే ఉండిపోయేది. నేను గంటసేపు ఆ వరుస వంక చూస్తూ కూర్చున్నాను. గంటసేపు ఆలోచించవలసి వచ్చిందని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఈ పుస్తకంలో పరీక్ష ఫోను పది నిమిషాలు, పదిహేను నిమిషాలు అని నేను రాసినవన్నీ అబద్ధాలు. మూడో రోజు గంటన్నర. పదో రోజు, మారెక్కను బండెక్కించాలని చెప్పి వచ్చి, రెండు గంటలు.

ఏం చూశానో కూడా రాయాలి. ఎక్కడో వానలు పడే చోట చెరువులు అలుగు పారుతుంటాయి. నీళ్ళు అంచు దాటి తెల్లగా దూకుతుంటాయి, జనం అందులో నిలబడి కేరింతలు కొడుతుంటారు. నీరుగంటుల ఇంట్లో పుట్టి నేను ఒక్క చెరువు నిండటం చూడలేదు. అలుగులతోనే మొదలైంది. అంతటితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏదో ఒక మర్యాద ఉండేది. అలుగు తర్వాత చేప తోమడం, చేప తర్వాత బర్రె మీదనుంచి పడే పెళ్ళికొడుకు. ఆ పెళ్ళికొడుకును నలభైసార్లు చూశాను. మారెక్క తన వేళ్ళు నా మొహం ముందు విప్పి చూపించిన రోజు, నా పుస్తకం కింద ఆ ఫోను బోర్లా పడుకుని తన పాటికి తాను ఆడుతూనే ఉంది.

ఇరవై ఆరు గంటలకు నలభై తొమ్మిది ఎలా అయిందో లెక్క తీశాను. ఒకటి చూస్తుంటే ముందు రాబోయే పదింటిని యాప్ తెచ్చి పెట్టుకుంటుంది, అన్నీ పెద్ద బొమ్మలో. నచ్చక నేను వేలితో తోసేసినవి కూడా అప్పటికే వచ్చేసి ఉంటాయి. నేను తాగింది గుక్కెడు, పారబోసింది కడవ. ఆ సంగతి నాగప్పకు నేనే చెప్పాను. అందుకే ఆటోప్లే ముయ్యమన్నాను. పాత ఫోనులోనూ చూసేవాణ్ణి, కానీ అది ముసలిది, బొమ్మ మసక, ఎంత చూసినా తరుగు ఇరవై దాటేది కాదు. కొత్తదానికి ఏ కట్టడీ లేదు. నాకూ లేదు.

చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అమ్మ ఒకాయన గురించి అంటుండేది. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది.

ఇంకా పద్నాలుగు రోజులుంది. ఇళ్ళకు రావాల్సింది తొంభై ఎనిమిది. ఉన్నది అరవై ఏడు.

నింపు తర్వాత 17వ రోజు. మట్టం 62. తరుగు 2. ఎర్రిస్వామి 49.

జట్టు రాకముందే బోర్డు తుడిచి, నలభై ఇళ్ళకు పైన నా పేరు రాశాను. పక్కన అంకె వేశాను. యాప్ తీసేశాను. మారెక్క బొమ్మకు కట్టిన కట్టు విప్పాను. తర్వాత బండ ఎక్కాను.

ఊళ్ళో నేను నిలబెట్టినవాళ్ళు ఇప్పటికి పదకొండు మంది. బండ మీద నిలబడితే మనుషులు ఎలా కనబడతారో నాకు అప్పటిదాకా తెలియదు. కిందనుంచి చూసినప్పుడు అది జానెడు ఎత్తే. ఎక్కాక ప్రతి మొహమూ దాక్కోవడానికి చోటు లేనంత దగ్గరగా కనబడుతుంది. మొదట వచ్చినవాళ్ళు బోర్డు చదివి, పొరపాటు పడ్డానేమో అన్నట్టు నన్ను చూశారు. తర్వాత వచ్చినవాళ్ళు చదివి తల దించుకుని వెళ్ళారు. వాళ్ళు సిగ్గుపడుతున్నది నా కోసమని అప్పుడు అర్థమైంది. నాగప్ప మాత్రం ఆగాడు.

"నలభై తొమ్మిదా?" అన్నాడు. "నేను రెండు తాగితే మా ఆడమనిషి ముందర తిడితివి గదప్పా."

"తిడితిని," అన్నాను.

తల గోక్కుని వెళ్ళిపోయాడు.

మారెక్క చివర వచ్చింది. బోర్డు మీద నా పేరు చదివింది, అంకె చదివింది. నన్ను చూడలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. తుడిచే గుడ్డ భుజాన వేసుకుని అద్దాల వరసలోకి వెళ్ళిపోయింది.

హనుమక్క అన్నాల వేళకు దిగమంది. "స్తంభం ఎక్కేది ఇంగెవురికీ రాదు. కాబట్టి గంటిగా నువ్వే ఉంటావు. సంతోషపడాకు, గత్యంతరం ల్యాక," అనింది. ఇళ్ళ వంతు నాలుగుకు తగ్గింది. నా ఇంటి వంతంతా మారెక్కకు రాశారు. పరీక్ష ఫోను హనుమక్క ఇంట్లో ఉంటుంది. "ఇంగొగటి. దినామూ నాలుగింటికి ఆ బిడ్డ కాలు వస్తే ఫోను నువ్వు పట్టుకోవల్ల. ఇన్నాళ్ళూ బిందెకు ఆనించుకొని అగచాట్లు పడతాంది. నీ చెయ్యి ఖాళీనే గదా ఇప్పుడు."

నింపు తర్వాత 18వ రోజు. మట్టం 58. తరుగు 2. ఎర్రిస్వామి 49.

నాలుగు కాకముందే మట్టం గది వరండాలో నిలబడ్డాను. మారెక్క వచ్చి ఫోను నా చేతిలో పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని ఎత్తు సరిచేసి, రెండు అడుగులు వెనక్కి జరిగింది. తెర ఆమె వైపు, ఫోను వీపు నా వైపు. ఆమె వెనక గోడకు పాత అద్దం ఒకటి ఆనించి ఉంది, జట్టు తీసేసిన సూర్య అద్దం. అందులో తెర వేలెడంత కనబడుతోంది.

ముందు కనబడింది చిన్న వీపు, ఆసుపత్రి చొక్కా. నర్సు చెయ్యి వచ్చి పిల్ల భుజం తట్టింది. పిల్ల భుజం విదిలించుకుంది. మారెక్క చేతులు కదపడం మొదలుపెట్టింది. చూడని పిల్లతో మాట్లాడుతూనే ఉంది. నేను ఆ చేతులను మొదటిసారి చూశాను. ఎన్నో ఏళ్ళుగా పక్క వీధిలోనే ఉన్న చేతులు. ఒక్కో వేలు ఒక్కో పని చేస్తోంది, మొహం కూడా వాటితో పాటే మాట్లాడుతోంది. నాలుగు నిమిషాలు, ఐదు, ఏడు. ఈ మధ్య నేను ఏ ఒక్కదాన్నీ ఏడు నిమిషాలు చూసిన పాపాన పోలేదు. పిల్ల ఇక తిరగదేమో అనుకున్నాను. అదే జరిగితే ఏ బండ ఎక్కినా తీరదు.

నర్సు ఈసారి పిల్లను తట్టలేదు. ఫోనునే గోడవైపుకు తీసుకెళ్ళి మొహం ముందు పెట్టింది. పిల్ల చూసింది. కనురెప్ప వెయ్యకుండా చూసింది. దుప్పటి కిందనుంచి మొదట ఒక చెయ్యి వచ్చింది, తర్వాత రెండోది. మారెక్క ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసి తెరిచింది, చేతులు మాత్రం ఆపలేదు. నా పక్కన నిలబడి చూస్తున్న హనుమక్క ముక్కు చీది, "అన్నం ఏల తినల్యా అని అడుగుతాంది," అని నాకు చెప్పింది. నేను అడగకుండానే చెప్పింది.

అద్దంలో పిల్లను సరిగా చూడాలని మెడ చాచాను, చేతిలో ఫోను ఊగింది. అద్దంలో పిల్ల ఏదో అడిగింది.

"బొమ్మ ఊగుతాంది, ఎవురు పట్టుకున్యారు అంటాంది," అనింది హనుమక్క.

మారెక్క నా మొహంలోకి సూటిగా చూసింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి. తర్వాత కూతురి వైపు తిరిగి, అరచెయ్యి తిరగేసి, ఫోను తెర మీద తోసినట్టు బొటనవేలిని కిందనుంచి పైకి తోసింది. మళ్ళీ తోసింది. మళ్ళీ. బండ మీద నిలబడి నాకు చూపించింది ఇదే.

అద్దంలో వేలెడంత రంగి తన చిట్టి బొటనవేలు ఎత్తి అలాగే తోసింది. భుజాలు ఎగరేస్తూ నవ్వింది. ఆ పేరు ఆ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు.

"అది నేనేనా అక్కా?" అన్నాను.

"నువ్వే."

"ఎప్పటినుంచి?"

"నాలుగేండ్లాయె. నీ గది కిటికీ ముందర అద్దాలు తుడిచేది ఆయమ్మే గదా. నువ్వు వీడియోలు చూస్తావని మా అందరికీ తెల్సు. ఇంత తాగుతాదని మాకేం తెల్సు? గంటివి నువ్వు."

తెర మీద పిల్ల ఇంకా నవ్వుతోంది, వేలు పైకి తోస్తూనే ఉంది. ఇంకా పదిహేను నిమిషాలుంది. నా బొటనవేలిని ఫోను వెనక్కి దాచుకుని, బొమ్మ కదలకుండా పట్టుకున్నాను.